మూరెడు కొస

కోడలు మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు నెలలుగా ఇదే వరస. మామగారు ఆ గ్లాసు అందుకుని గుక్కెడు తాగి, అదే పదివేలు అనుకున్నాడు.

ఈ రోజుతో అదీ ఆఖరు. గుమ్మం దగ్గర రెండు సంచులు, పాప చెప్పులు సిద్ధంగా ఉన్నాయి. కోడలు వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కడ చెట్లు కొట్టే ముఠా ఒకటి తాళ్ళతో స్లింగులు అల్లే మనిషి కోసం చూస్తోందట.

ఆ పనిలో ఆమెకు సాటి లేదు. నేర్పింది మామగారే. ఇళ్ళ మధ్య చెట్టు కొట్టేటప్పుడు కొమ్మను పడెయ్యడానికి వీల్లేదు, తాడు కట్టి దించాలి. పైన ఒక స్లింగు చుట్టి, దాని ఉచ్చులో నున్నటి అల్యూమినియం రింగు బిగిస్తారు. అందులో తిరిగే చక్రమేమీ ఉండదు. దించే తాడు ఆ నునుపు మీదే జారిపోతుంది. బరువంతా మోసేది స్లింగు. దానికి ముడి వెయ్యరు. బోలుగా ఉండే తాడు కొసను వెనక్కి తిప్పి, దాని కడుపులోకే మూరెడు దూర్చి, పైన దారంతో కుడతారు. బరువు పడేకొద్దీ తాడు ఆ కొసను ఇంకా గట్టిగా వాటేసుకుంటుంది. అయితే మూరెడు ఉండాల్సిందే. జానెడు దూర్చి కుడితే ఏదో ఒక రోజు జారిపోతుంది.

వాళ్ళ షెడ్డులో ఎవరి దారం వాళ్ళదే. మామగారిది నలుపు, కోడలిది పసుపుపచ్చ. నాన్న కుట్లు తాగి నడిచినట్టుంటాయనీ, మా ఆవిడవి చీమల బారు అనీ కొడుకు ఇద్దరినీ ఆట పట్టించేవాడు. ఆ కుట్ల మీద నమ్మకంతోనే ఎంత బరువు కొమ్మ కిందికైనా వెళ్ళేవాడు.

నాలుగు నెలల కిందట ఒక పెరట్లో చెట్టు కొడుతున్నారు. తోటి పనివాడు పైన కోస్తున్నాడు. దించే తాడు మామగారి చేతుల్లో ఉంది. కొడుకు కింద నిలబడి, పెంకులకు తగలకుండా కొమ్మను పక్కకు లాగుతున్నాడు. ఉన్నట్టుండి మామగారి చేతుల్లో తాడు తేలికైపోయింది. పైన స్లింగు కొస జారి ఊడిపోయింది. కొమ్మ అమాంతం కొడుకు మీద పడింది.

తప్పు తనదేనని మామగారు అదే రోజు అందరి ముందూ చెప్పాడు. అల్లుతూ సగంలో లేచాననీ, తిరిగొచ్చి కొస దూర్చేశాననుకుని కొలవకుండా కుట్టేశాననీ చెప్పాడు. విచారణకు వచ్చిన అధికారికీ అదే చెప్పి సంతకం పెట్టాడు. ఇక జన్మలో సూది పట్టనన్నాడు.

తప్పొక్కటే అయితే కోడలు ఎప్పటికైనా క్షమించేదేమో. కానీ చెట్టు మీది పనివాడు చూసిన సంగతి ఇంటిదాకా వచ్చింది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూడా, ఆ మహానుభావుడు రెండో చెయ్యి చాచి గడ్డిలో పడ్డ స్లింగునూ రింగునూ చొక్కాలో దోపుకున్నాడట. తర్వాత అడిగితే కాల్చేశానన్నాడట. అది మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

ఆటో వచ్చింది. పాప తాతయ్య మెడ పట్టుకుని వేలాడింది. విడిపించడానికి ఆయనకు చేతులు రాలేదు. కోడలే వచ్చి పాపను తీసుకుంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"ఒక్కటి అడుగుతాను మావయ్యా. ఆయన ప్రాణం పోతుంటే మీకు ఆ తాడు ముక్క ఎలా కనిపించింది?"

"కనిపించిందమ్మా."

"మీ పరువు అంత ముఖ్యమైపోయిందా?"

ఆయన తల దించుకున్నాడు. కన్నకొడుకు పోయిన బాధ కన్నా ఈ పిల్ల చూపు ఎక్కువ కోసింది.

"నాకు వచ్చిన పని ఇదొక్కటే కాబట్టి చేస్తాను," అంది ఆమె. "కానీ సూది పట్టుకున్నప్పుడల్లా మీరే గుర్తొస్తారు."

"రానీ తల్లీ. తిట్టుకుంటూనే అల్లు. పాప ఏడ్చినా సరే, సగంలో మాత్రం లేవకు."

"నేనెప్పుడూ కొలిచే కుడతాను మావయ్యా."

"నాకు తెలుసమ్మా," అన్నాడు.

ఆటో వీధి మలుపు తిరిగింది. పాప చెయ్యి ఊపుతూనే ఉంది. తల్లి వెనక్కి చూడలేదు. ఆమె చేతులకు పని ఉంది, పాపకు అమ్మ ఉంది. అంతకన్నా ఆయనకు కావలసిందేమీ లేదు. అయినా గుండె పగిలిపోతోంది.

షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రంపపు గొలుసుల అడుగునుంచి, కాల్చేశానని చెప్పిన స్లింగు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రింగు చల్లగా తగిలింది. ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

జారి బయటికొచ్చిన ఆ జానెడు కొసకు తెగిన కుట్లు ఇంకా వేలాడుతున్నాయి, చీమల బారులా, పసుపుపచ్చగా.