కుర్చీ బాగా నటించింది

"ఈ హాల్లో కనీసం ఇరవై తెలుగు నాటకాలు చూశానంకుల్," గుసగుసగా అన్నాడు తనీష్.

ఆ హాల్లో తెలుగు నాటకం ఆడటం అదే మొదటిసారి. అదీ పావుగంట నాటకమే, మొదలై పది నిమిషాలైంది.

పక్క సీట్లోని పెద్దాయన అప్పుడే వచ్చారు. ఎడ్మంటన్ చలికి తొడుక్కున్న మందపాటి పార్కా కోటు కూడా విప్పలేదు.

"ఏం రాస్తున్నావు బాబూ?"

"యూనివర్సిటీ పేపర్. ఓ నాటకాన్ని ఫార్మలిస్ట్ పద్ధతిలో విమర్శించాలి. ఇది పోతే కోర్సే పోతుంది."

"అంటే ఏం చేస్తావు?"

"ఎవరు రాశారు, తెర వెనక ఏం జరిగింది... అవేవీ లెక్కలోకి రావు. స్టేజీ మీద ఉన్నదే నాటకం. ఆ ఖాళీ కుర్చీ చూడండి!"

స్టేజీ మీద షాపు కోసం కొట్లాడుకుంటున్న అన్నదమ్ములు కుర్చీ వైపు తిరిగారు.

"నాన్నా, నువ్వే చెప్పు!"

కుర్చీ ఏమీ చెప్పలేదు.

అన్న గుటకలు మింగాడు. తమ్ముడు చెమట తుడుచుకున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

చివరికి తమ్ముడే, "నువ్వే ఉంచుకో అన్నయ్యా," అన్నాడు.

తెర పడింది. చప్పట్లు ఆగలేదు.

"చూశారా! నాన్న లేకపోవడమే నాటకం. ప్రపంచంలో ఏ కుర్చీ ఇంత బాగా నటించలేదు. అందులో మనిషి కూర్చునుంటే మొత్తం పాడయ్యేది."

"నిజంగా పాడయ్యేదంటావా?"

"ఇరవై నాటకాల అనుభవంతో చెప్తున్నా."

"అమ్మయ్య!" పెద్దాయన మొదటిసారి నవ్వారు.

ఇంతలో డైరెక్టర్ మీనాక్షి పరుగెత్తుకొచ్చింది.

"జనార్ధనరావు గారూ! ఎక్కడున్నారండీ? మా గుండెలాగిపోయాయి!"

"రాత్రి కారు ఇంజన్ గడ్డకట్టకుండా హీటర్ ప్లగ్గు పెట్టడం మర్చిపోయానమ్మా. మైనస్ ముప్పైలో స్టార్టవలేదు. బస్సులో వచ్చేసరికి తెర లేచిపోయింది."

ఆయన పార్కా జిప్పు లాగారు. లోపల పట్టు పంచె, జరీ కండువా. జేబులోంచి తెల్లమీసం ఒకటి జారి తనీష్ పేపర్ మీద పడింది.

తనీష్ ఆ మీసాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"అంకుల్... ఆ ఇరవై అబద్ధం. నేను నాటకం చూడటం ఇదే ఫస్ట్ టైం."

"నేను వేషం వేయడమూ ఇదే మొదటిసారి బాబూ. నువ్వు మాత్రం పేపర్ మార్చకు, తెర వెనక సంగతి లెక్కలోకి రాదన్నావుగా," అని మీసం తీసుకుని జేబులో పెట్టుకున్నారు, ఆ కుర్చీలో కూర్చోవాల్సిన నాన్న.