వంక తెచ్చిన రాయి

గురప్ప కోళ్ల షెడ్డు మూలన, సిమెంటు స్తంభానికి ఆనుకుని, పసుపు రాయి ఒకటి పడి ఉంది. కొబ్బరికాయంత ఉంటుంది. దాని మీద ఎర్ర రంగుతో వేసిన అంకె చూడగానే గురప్ప గుండెలో కూడా రాయి పడింది.

వంక పైనుంచి జయంతి మేడం వస్తోంది. వంకను బాగుచేసే పథకానికి కొలతలు తీసే ఇంజనీరు ఆమె. పొడుగాటి కట్టె చివర గుండ్రటి చట్రం బిగించి, గట్టు వెంబడి నేలంతా తడుముకుంటూ నడుస్తోంది. కిందినుంచి ఆమె మనిషి గిరి అలాంటిదే ఇంకొకటి పట్టుకుని ఎదురొస్తున్నాడు. రాయి దగ్గరికి రాగానే చట్రం కుయ్యిమంటుంది. రాయి కడుపులో చిప్పు పెట్టారు మరి. మట్టిలో పాతిపెట్టినా కూస్తుందని మొన్న గిరే గొప్పగా చెప్పిపోయాడు.

వానలకు ముందు ఇలాంటి రాళ్లను కొండ కింద వంకలో వదిలారు. వరద వాటిని ఎందాకా దొర్లిస్తే అందాకా వంక సొత్తేనని జయంతి ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పింది. అక్కడికి గీత గీస్తారు. గీత లోపల ఏ కట్టడమూ ఉండకూడదు.

రాత్రి వరద వచ్చింది. తుపాను భయంతో వంకమిట్ట ఊరి జనాన్ని సాయంత్రమే రోడ్డు మీది బడికి తరలించారు. కాబట్టి నీళ్లు ఎందాకా ఎక్కాయో చూసినవాళ్లు లేరు. తెల్లారేదాకా కురిసిన వాన బురద మరకలు కూడా కడిగేసింది. ఇక సాక్ష్యమంటూ ఉంటే ఆ రాళ్లే.

షెడ్డు పోతే గురప్ప బతుకేం గాను? అవతలి గట్టు చూస్తే నిట్టనిలువు బండ. తిరిగి వంకలోకి విసిరేద్దామంటే పైన జయంతి, కింద గిరి చూస్తారు. మిగిలింది ఊరి వీధి ఒక్కటే. షెడ్డు చూసుకోవాలని తనొక్కడే ముందొచ్చాడు, మిగతా జనం ఇంకా బడిలోనే ఉన్నారు. రాయిని తువ్వాల్లో చుట్టుకుని వీధిలో పడ్డాడు.

వీధి చివర గంగమ్మ అరుగు ఉంది. దాని మీద పసుపు పూసి కుంకుమ పెట్టిన రాళ్లు వరసగా ఉన్నాయి. పసుపు రాళ్లలో పసుపు రాయి! తన తెలివికి తనే మురిసిపోయాడు పాపం. పూజ చేసే గంగులమ్మ తప్ప ఆ అరుగు ఇంకెవరూ ఎక్కరు, మగవాళ్లయితే అసలే ఎక్కరు. గురప్ప చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని, ఎక్కేశాడు. అంకె కనపడకుండా రాయిని బోర్లించి దిగొచ్చి, షెడ్డు ముందు ఏమీ ఎరగనట్టు బీడీ వెలిగించాడు.

జయంతి, గిరి షెడ్డు దగ్గరే కలుసుకున్నారు. మిగతా రాళ్లన్నీ వంకలోనే దొరికాయట, ఒక్కటే తక్కువట. చట్రం షెడ్డు చుట్టూ తిరిగింది. కూయలేదు.

"ఈడ ఏం లేదు మేడం, సూసినారు కదా" అన్నాడు గురప్ప.

జయంతి జీపు కోసం వీధిలోంచి నడిచింది. అప్పుడే బడినుంచి జనం ఇళ్లకు తిరిగొస్తున్నారు. అరుగు కడుగుతున్న గంగులమ్మ, కుంకుమ పెట్టుకుని పొమ్మని పిలిచింది. చట్రం చేతిలో ఉండగానే జయంతి వంగి దండం పెట్టింది.

చట్రం కుయ్యిమంది.

జనం మూగారు. గంగులమ్మ తీసిచ్చిన రాయిని తిప్పి అంకె చూసిన జయంతి మొహం పాలిపోయింది.

"దీన్ని ఎవురన్నా చేత్తో తెచ్చి పెట్టినారా? నిజం చెప్పండి."

గంగులమ్మకు రోషం వచ్చింది. "నా తల్లి అరుగు ఎక్కే మొగోడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదమ్మా."

జయంతి మళ్లీ అడిగింది. ఇక ఇట్లా కాదని గంగులమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించింది. ఇంటికొకరు వచ్చి ఆర్పి ప్రమాణం చేయాలంది. ఒక్కొక్కరే వచ్చి ఆర్పిపోతున్నారు. గురప్ప దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. నిజం చెబితే షెడ్డు పోతుంది. అరుగు ఎక్కానంటే ఊరు ఊరుకోదు. చెప్పకపోతే గంగమ్మ ఊరుకోదు. భార్య పంకజాక్షి వెనకనుంచి పొడిచింది.

"పో, మనింటికి నువ్వే కదా పెద్ద."

"నేను తేలేదు తల్లీ" అని గురప్ప మంట మీద అరచెయ్యి కొట్టాడు. చురుక్కుమంది.

జయంతి ఇంక అడగలేదు. ఆమెదీ చిత్తూరు పక్కే, ప్రమాణాల దేవుడున్న కాణిపాకం దగ్గరి పల్లె. ప్రమాణం చేసిన మనిషిని అనుమానించడం వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు. అరుగు పక్కన కూర్చుని ట్యాబ్ తీసి, మ్యాపు మీద వేలితో ఎర్రగీత గీసింది. వంక దగ్గర మొదలైన గీత షెడ్డు దాటింది, వీధి దాటింది, అరుగు దగ్గర ఆగింది. గురప్ప మెడ చాచి చూశాడు.

"మేడం, నా షెడ్డు..."

"షెడ్డొకటే కాదన్నా. వరద ఈడిదాకా వచ్చిందంటే వీధంతా వంకదే. ఇండ్లన్నీ తీసెయ్యాల."

పంకజాక్షి ఉన్నచోటే కూలబడింది. గురప్ప కమిలిన అరచెయ్యి మూసుకుని పళ్లెం వైపే చూస్తున్నాడు. జయంతికి జాలేసింది.

"ఏం చేద్దుమన్నా, ఈ రాయి మీ షెడ్డు కాడే ఆగుంటే షెడ్డొక్కటే పోయుండు. దానికి రోడ్డు పక్కన వేరే జాగా గూడా సూసి పెట్టినాను."