పొట్టకింది విమానం

"అండ్ల కూసునేది ఎవరు?" అని అడిగింది సుగుణమణి.

"కూసుండరు. బోర్ల పండుకుంటరు" అన్నాడు యిర్మియా. "మొదటి మనిషిని నేనే. అదే రాసి ఢిల్లీకి పంపిన."

అన్నం వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

యిర్మియా గోదావరిఖనిలో బొగ్గుబావి డ్రాయింగు ఆఫీసులో ట్రేసరు. గనుల పటాలకు నకళ్లు గీయడం అతని పని. అది 1971 అక్టోబరు. పాకిస్తానుతో యుద్ధం తప్పేలా లేదని ఎవరి నోట విన్నా అదే మాట. పాదిరిగారి ఇంట్లో పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేస్తుంటే అతనికి ఒక బొమ్మ కనిపించింది. పోయిన ప్రపంచ యుద్ధం చివర్లో జర్మనీవాళ్లు కాగితం మీద గీసుకుని, కట్టకుండానే వదిలేసిన చిన్న విమానం అది. పెద్ద విమానం దాన్ని పొట్టకింద తగిలించుకుని పోతుంది. శత్రువు కనబడగానే వదిలేస్తుంది. వెనకనున్న రాకెట్టు మండేది రెండు మూడు నిమిషాలే. ఆలోపు కొట్టాల్సింది కొట్టి, తర్వాత గాలిలో జారుకుంటూ దిగాలి. చక్రాలు లేవు. నేలను రాసుకుంటూ ఎక్కడ ఆగితే అక్కడే.

యిర్మియా వారం రోజులు కూర్చుని దాన్ని పెద్దదిగా గీశాడు. మన దేశం కడితే బాగుంటుందని ఒక ఉత్తరం జతచేసి, నడపడానికి తాను సిద్ధమని కింద రాసి, రిజిస్టరు పోస్టులో రక్షణ శాఖకు పంపేశాడు. భార్యకు చెప్పడం మాత్రం ఇదే మొదలు.

"నన్నొక మాట అడిగినవా?"

"అడిగితే వద్దంటవు."

ఆమె వద్దనలేదు. బొమ్మ నకలు తెచ్చి చూపించమంది. బడిలో లెక్కలు చెప్పే టీచరు కాబట్టి, కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది. పెద్ద విమానం నుంచి ఊడి రాకపోతే ఏం చెయ్యాలి? రాకెట్టు అంటుకోకపోతే? దిగేటప్పుడు నేల ఎట్లా కనబడుతుంది? యిర్మియా కొన్నింటికి జవాబు చెప్పాడు, కొన్నింటికి నీళ్లు నమిలాడు. పాపం, ఎంత భయపడుతోందో అనుకున్నాడు.

"మనిషి ఎంత బరువుండాలె?" అంది చివరికి.

"యాభై కిలోలు దాటొద్దు."

"నువ్వు డెబ్బై రెండు."

"తగ్గుత."

మర్నాటినుంచి అతను సైకిలు ఇంట్లో పెట్టి డ్యూటీకి నడిచి పోవడం మొదలుపెట్టాడు. రాత్రి అన్నం మానేస్తానన్నాడు. సుగుణమణి మాననివ్వలేదు. డబ్బాలో రెండు జొన్నరొట్టెలు పెట్టే మనిషి నాలుగు పెట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కోడికూర సిద్ధంగా ఉండేది. వద్దంటే అలిగేది. నెల తిరిగాక స్టోరు కాటా ఎక్కి చూసుకుంటే డెబ్బై నాలుగు వచ్చింది. తనను పోనివ్వకుండా ఆపడానికే ఇదంతా అని అతనికి తెలుసు. కోపం తెచ్చుకోబోయాడు కానీ రాలేదు.

ఎందుకంటే ఆమె తినడం తగ్గించేసింది. గుప్పెడు అన్నం కలుపుకుని లేచిపోయేది. మొగని మీది ఫికరుతో పిల్ల చిక్కి సగమైందని పక్క క్వార్టరు కనకవ్వ అంటే యిర్మియాకు మనసు చివుక్కుమంది.

అయినా పట్టు వదల్లేదు. ఒకరోజు వాకిట్లో సున్నంతో విమానం గీతలు అసలు కొలతకే గీసి, మధ్యలో బోర్లా పడుకుని చూశాడు. భుజాలు రెండు పక్కలా మూడేసి వేళ్ల మేర గీత బయటికి వచ్చాయి. మర్నాడు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ గీతలు నడిమధ్యన చెరిగిపోయి ఉన్నాయి. కోపంతో చెరిపేసినట్టుంది, పోనీలే అనుకుని ఊరుకున్నాడు.

నవంబరు చివరి వారంలో పోస్టుమాన్ సదయ్య రెండు కవర్లు తెచ్చాడు. రెంటి మీదా సర్కారు ముద్ర ఉంది. యిర్మియా తన కవరు అక్కడే చింపాడు. ఇలాంటివి ఎన్నో దేశాలు కాగితం మీద గీసి వదిలేశాయనీ, తమకు కట్టే ఉద్దేశం లేదనీ, దేశభక్తికి ధన్యవాదాలనీ ఉంది. రెండుసార్లు చదివి మడత పెట్టాడు. ఇన్నాళ్లుగా పెట్టుకున్న ఆశ పోయింది. దాని వెనకే, ఎవరికీ చెప్పుకోలేనంత కొంచెం, హాయిగా కూడా అనిపించింది.

రెండో కవరు అప్పటికే సుగుణమణి చేతిలో ఉంది.

"ఏంది అది?"

"నాది" అంటూ ఆమె దాన్ని కొంగుచాటుకు తీసుకుంది.

అప్పుడు అతనికి అంతా తెలిసినట్టయింది. తనకు తెలియకుండా ఢిల్లీకి రాసింది. మొగుడికి పిచ్చి పట్టిందనో, రోగమొచ్చిందనో రాసి ఉంటుంది. అందుకే బొమ్మను పక్కన పడేశారు. పెళ్లయిన పదకొండేళ్లలో ఎన్నడూ లేనిది అతని గొంతు లేచింది. సదయ్య సైకిలు తిప్పుకుని జల్దీగా వెళ్లిపోయాడు.

"నన్ను తీసుకోవద్దని రాసినవు గదా?"

ఆమె తల దించుకుంది. "గట్ల రాయలే" అంది.

"మరి ఎట్ల రాసినవు?"

ఆమె కవరు అతని చేతిలో పెట్టి గోడవైపు తిరిగి నిలబడింది. యిర్మియా చింపాడు. టైపు కొట్టిన ఇంగ్లీషు, నాలుగే వరుసలు. చదువుతూ, తెలుగు చేసి పైకి చెబుతూ, సగంలో కొత్తగా చూసినట్టు ఆమె వైపు చూసి, మిగతాది మెల్లగా పూర్తి చేశాడు.

"శ్రీమతి సుగుణమణి గారికి, ఆ విమానం నడపడానికి మీ భర్త కన్నా మీరే తగినవారని, మీ బరువు నలభై ఆరు కిలోలేనని తెలుపుతూ పంపిన దరఖాస్తు అందింది, స్త్రీలను పైలట్లుగా తీసుకునే నిబంధన లేనందుకు చింతిస్తున్నాము."