మెట్లకు టికెట్టు

"గేటు కింద పెట్టమంటారా, పైనా సారూ?" అని తాపీమేస్త్రి అడిగాడు.

"గేటెందుకయ్యా?" అన్నాడు ఇంటాయన.

"మెట్లేమో వీధిలోకి దింపమన్నారు. గేటు లేకపోతే దారిన పోయేవాడల్లా మేడెక్కుతాడు."

"ఎక్కాలనే కదా! గేటుంటే కస్టమర్లు వెనక్కి పోరూ?"

"కస్టమర్లా?"

"రేపో మాపో సముద్రం వీధిలోకి వస్తుంది. వీధి మొత్తానికి మేడ ఇదొక్కటే. మెట్లకు టికెట్టు పెడతాను. కింది మెట్టు చవక. పైకి పోయేకొద్దీ రేటు."

మేస్త్రి పగలబడి నవ్వాడు. చేతిలో తాపీ జారి ఇసకలో పడింది.

ఇంటాయన ఆ వీధికి కొత్త. ఎక్కడివాడో, ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. సముద్రం ఏటికేడు ఒడ్డును కొరుక్కుంటూ వస్తుంటే, ఉన్నవాళ్ళే అయినకాడికి అమ్ముకుని పోదామని చూస్తున్నారు. ఆయన మాత్రం ఏరికోరి అక్కడ మేడ కొన్నాడు. పైగా నోరు విప్పితే సముద్రం వ్యాపారాలే.

మంచానికి గాలం బిగించి అమ్ముతాడట. పడుకునే చేపలు పట్టుకోవచ్చట. ఈ ఇళ్ళన్నీ ఇప్పుడే కొనిపెట్టుకుంటే, రేపు సముద్రానికి ఎదురిళ్ళని చెప్పి రెట్టింపుకి అమ్మొచ్చట.

"మరి ఎల్లుండి?" అని ఎవరో అడిగారు.

"ఎల్లుండి చేపలకి అద్దెకిస్తాను."

అప్పటినుంచి ఆయనకు 'సముద్రం సేటు' అనే పేరు స్థిరపడిపోయింది.

మెట్లు మాత్రం ముచ్చటగా కట్టించాడు. వెడల్పుగా, బాగా తక్కువ ఎత్తులో.

"ఇంత పొట్టి మెట్లేంటి సారూ?"

"మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా. ముసలి కస్టమర్లని వదులుకుంటామా?"

ఎదురింటి అరుగు మీద నుంచి మేస్త్రి తల్లి అందుకుంది. "నన్ను ఊరికే ఎక్కనీ నాయనా!"

"నీకు సగం టికెట్టు పెద్దమ్మా. అంతకంటే తగ్గితే నాకు గిట్టుబాటు కాదు."

నవ్వనివాడు ఒక్కడే. వీధి చివర కారాయన. మెట్లు ముందుకొచ్చేసరికి ఆయన కారు మలుపు తిరగడం కష్టమైంది.

"మీ కారుకి తెడ్లు బిగించి పెడతాను సారూ. ముందే చెప్పుకుంటే చవక" అన్నాడు సేటు.

కారాయనకు ఒళ్ళు మండింది. మెట్లు వీధిలోకి వచ్చాయని పంచాయితీ ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు చేశాడు. ఆఫీసువాళ్ళు వచ్చి, మెట్ల మీద సున్నంతో గీత గీసి, గీతకు ఇవతలదంతా కొట్టెయ్యమన్నారు.

ఆ పనీ మేస్త్రికే వచ్చింది. కట్టిన చేతులతోనే సమ్మెట ఎత్తడానికి అతనికి మనసు రాలేదు. కానీ ఇంట్లో పొయ్యి వెలగాలి.

"ఎంత పోతుందయ్యా?" అని అడిగాడు సేటు.

"కింద నడుమెత్తు పోతుంది సారూ."

"ముసలివాళ్ళు ఎక్కలేరే" అన్నాడాయన.

అంతే. ఆ రోజు టికెట్టు మాట ఎత్తలేదు. ఆయన మొహంలో నవ్వు లేకపోవడం మేస్త్రి మొదటిసారి చూశాడు. ఎందుకో గుచ్చుకుంది. అయినా పని పూర్తిచేసి ఇంటికి పోయాడు.

మర్నాడు ఆ ఖాళీలో సేటు ఒక చెక్కబల్ల తెచ్చి వేసుకున్నాడు.

ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, సముద్రం చెప్పాపెట్టకుండా వీధిలోకి వచ్చింది.

కారాయన కారు తెడ్లు లేకుండానే తేలింది.

మేస్త్రి తన తల్లిని వీపున వేసుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. చెక్కబల్ల ఎప్పుడో కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో, తొడల్లోతు నీళ్ళలో, మిగిలిన మెట్టును రెండు చేతులా పట్టుకుని సేటు వంగి నిలబడి ఉన్నాడు.

"నా వీపు మీద కాలు పెట్టు పెద్దమ్మా."

"నిన్నెట్లా తొక్కను నాయనా?"

"టికెట్టు అడగన్లే. తొక్కు!"

ఆమె ఏడుస్తూనే తొక్కింది. ఆమె వెనక పిల్లల తల్లులు తొక్కారు. ముసలివాళ్ళు తొక్కారు. కారాయన బూట్లతోనే తొక్కాడు. వీధి వీధంతా ఆ వీపు మీదుగా మేడెక్కింది.

ఆఖరున మేస్త్రి ఎక్కి, వెనక్కి తిరిగి కిందికి వంగాడు.

"చెయ్యివ్వండి సారూ!"

"ఉండవయ్యా. ఇంకెవరైనా ఉన్నారేమో" అంటూ సేటు వీధి వైపు తల తిప్పాడు.

అప్పుడే పెద్ద అల వచ్చింది. మేస్త్రి చేతికి చొక్కా తగిలింది. మనిషి దక్కలేదు.

నీళ్ళు తీశాక వీధిలో లెక్కకు రానివాడు ఆయనొక్కడే.

తను కొట్టేసిన ఆ కింది మెట్లు ఉండి ఉంటే ఆయనా పైకి వచ్చేవాడే. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. రాత్రీ పగలూ అదే తొలిచేసింది. ఎవరూ చెప్పకుండానే ఇటుకలు తెచ్చి, పడగొట్టిన చోట మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. కారాయన వచ్చి ఇటుకలు అందించాడు. గీత సంగతి ఎవరూ ఎత్తలేదు.

చివరి మెట్టుకు పూత వేస్తుండగా ఒకామె సంచీతో వచ్చింది. సేటుకి చెల్లెలట. ఇంట్లోకి వెళ్ళలేదు. మెట్లనే కిందినుంచి పైదాకా చూసింది.

"గేటు పెట్టించలేదా మా అన్నయ్య?"

"వద్దన్నారమ్మా. గేటుంటే కస్టమర్లు వెనక్కి పోతారనేవారు" అన్నాడు మేస్త్రి.

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. పక్కనున్న ఇటుకల మీద కూలబడింది.

"మా ఊళ్ళోనూ ఇలాగే సముద్రం వచ్చింది బాబూ. అన్నయ్య ఊళ్ళో లేడు. మా వదిన పాపనెత్తుకుని పక్కింటి మేడ మెట్లదాకా పరుగెత్తింది."

"ఎక్కలేకపోయిందా అమ్మా?"

"ఆ మెట్లకు గేటుంది బాబూ, గేటుకు తాళం వేసి ఉంది."