ఇశ్రాయేలు ముక్కు

“ఇంకాస్త రేజ్ చెయ్యండి,” అన్నాడు ఇశ్రాయేలు, పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చుని కళ్ళు మూసుకుని.

స్టీరింగు ముందున్న బుచ్చిరాజు గారు యాక్సిలరేటరు తొక్కారు. అంబాసిడర్ గుర్రుమని పొగ కక్కింది. ఇశ్రాయేలు ఆ పొగలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు.

వెనక పాత టైరు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అతని భార్య దానమ్మ కూడా పీల్చింది. ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా.

అమలాపురం ఎర్రవంతెన పక్కనున్న ఆ షెడ్డుకి ఇశ్రాయేలు ముక్కే పెట్టుబడి. ఎలాంటి కారైనా సరే, పొగ వాసన చూసి ఇంజనుకి గాలి చాలట్లేదో, పెట్రోలు చాలట్లేదో చెప్పేసేవాడు. అలాంటివాడు నిరుడు విషజ్వరంతో మంచం పట్టాడు. జ్వరమైతే తగ్గింది గానీ, వాసన మాత్రం పోయిందని, ఇక షెడ్డు మూసెయ్యడమేనని అతను తల పట్టుకుంటే దానమ్మ గుండె చెరువైపోయింది.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో “ఒక్కణ్ణీ ఊసుపోవట్లేదే, కాసేపు షెడ్డుకొచ్చి కూర్చో” అని అతనెంత బతిమాలినా, “ఆ కంపులోకి నేను రాను” అని మొహం తిప్పుకున్న మనిషి, మర్నాడే వచ్చి టైరు మీద కూర్చుంది. ఒక దగ్గు దగ్గితే పెట్రోలు ఎక్కువ, రెండు దగ్గితే గాలి ఎక్కువ. ఏడాదిగా షెడ్డు ఆమె దగ్గుల మీదే నడుస్తోంది. బేరాలు లేనప్పుడు మొగుడూ పెళ్ళాం లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకుంటున్నారు.

ఇంట్లోనూ ఆమెకి అతన్ని చూస్తే జాలే. కూర అడుగంటినా, చారు పాడైనా కిక్కురుమనకుండా తినేస్తున్నాడు. పాపం, రుచీ పచీ తెలియని బతుకైపోయిందని ప్రార్థనలో కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఇప్పుడు దానమ్మ దగ్గబోయి ఆగిపోయింది. ఇది పెట్రోలు ఘాటు కాదు, గాలి ఎక్కువైతే వచ్చే కమురు వాసనా కాదు. కిరసనాయిలు! దానికి ఎన్ని దగ్గులో వాళ్ళు అనుకోనేలేదు.

ఏదైతే అదయిందని మూడు దగ్గింది. ఇశ్రాయేలు కదల్లేదు. నాలుగు దగ్గింది.

బుచ్చిరాజు గారు కారు దిగారు. పి.గన్నవరంలో పెద్ద కొబ్బరికాయల వ్యాపారి ఆయన.

“దాపరికం దేనికి ఇశ్రాయేలు గారూ, మీ ముక్కు పోయిందని ఒకటే గుసగుసలండి. రాజోల్లో కొత్త షెడ్డువాళ్ళు మద్రాసు నుంచి మిషను తెచ్చేరంట. పొగగొట్టంలో పెడితే ముల్లే చెప్పేస్తుందంటండి. మీరు జబ్బేంటో చెబితే నా కారూ, మా బావమరిది టాక్సీలూ ఇక్కడికే. లేదంటే రాజోలే.”

“ఆయ్. ఒక్క నిమిషం ఆగండి.”

దానమ్మ ఐదు దగ్గింది.

“అమ్మా, మీకీ పొగ పడట్లేదండి. ఇంట్లోకెళ్ళి కాసిని మిరియాల పాలు కాచుకు తాగండి. వెళ్ళండమ్మా,” అన్నారు బుచ్చిరాజు గారు. అంత మర్యాదగా చెబితే ఆమెకి లేచి వెళ్ళక తప్పలేదు.

షెడ్డు వెనకాలే ఇల్లు. మధ్యలో పెరడు, ఒక తడిక. దానమ్మ పొయ్యి మీద పాలు పెట్టిందే గానీ ప్రాణమంతా షెడ్డులోనే ఉంది. ఇరవై ఏళ్ళ పేరు ఈ పూటతో పోతుంది. కేకేసి చెబుదామంటే బుచ్చిరాజు గారు వింటారు. ఏం చెయ్యాలో పాలుపోక అటూ ఇటూ చూస్తే మూలనున్న రేషను కిరసనాయిలు డబ్బా కనబడింది.

“ప్రభువా, నీకు స్తోత్రం!” అని దాన్ని చంకనెత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. తడిక మీంచి డబ్బా ఎత్తి ఊపింది. బుచ్చిరాజు గారు ఇటు తిరగబోయేసరికి గబుక్కున దించేసింది. మళ్ళీ ఊపింది. ఇశ్రాయేలు మాత్రం ఇటు వీపు పెట్టి, ఆ పొగగొట్టంకేసే చూస్తున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

అంతలో అతను లేచి చేతులు తుడుచుకున్నాడు.

“ఇంజను నిక్షేపంలా ఉందండి. పెట్రోల్లో కిరసనాయిలు కలిసింది.”

బుచ్చిరాజు గారు రెండు చేతులూ జోడించారు.

“కలవడం కాదండి, పొద్దున్న నేనే కలిపేను. రెండు లీటర్లు. మీ ముక్కుని పరీక్ష చేద్దామనండి. నా చెంపలు నేనే వాయించుకోవాలి. రాజోలూ వద్దు, మిషనూ వద్దు.”

“ఆయ్. టాంకు కడిగి పెడతాను, సాయంత్రం వచ్చెయ్యండి.”

ఆయన రిక్షా ఎక్కి మలుపు తిరిగేదాకా తడిక వెనకే నక్కిన దానమ్మ, డబ్బాతో సహా వచ్చి టైరు మీద కూలబడింది.

“ఎలా చెప్పేరండీ? మీరు అటు తిరిగున్నారు కదా!”

“ఆ బంపరు చూడు, అద్దంలా లేదూ? అందులో నువ్వూ, నీ డబ్బా కనపడ్డారు,” అన్నాడు ఇశ్రాయేలు. “నువ్వే లేకపోతే ఇవాళ్టితో మన పనైపోయేదే.”

దానమ్మ మొహం చాటంతయింది. “మరే! కిరసనాయిలుకి మూడు దగ్గులు, గుర్తెట్టుకోండి. ఇంక నేను ఒక్క పూట కూడా రాకుండా ఉండటానికి లేదు.”

“అస్సలు లేదు,” అంటూ అతను కారు కిందకి దూరాడు. టాంకు బిరడా విప్పగానే షెడ్డంతా కిరసనాయిలు కంపు గుప్పుమంది. దానమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చిక్కుడుకాయల చేట ఒళ్ళోకి లాక్కుని, వాళ్ళక్క మనవరాలి బాప్తిస్మం కబుర్లు ఎత్తుకుంది.

కబురు సగంలో ఉండగా కారు కిందనుంచి గొంతు వినిపించింది.

“పాలు మాడుతున్న వాసనొస్తోందే.”