చిప్పుల మాస్టారి క్లాసు

బతిమాలే మాటలు తనకు అక్కర్లేదంది టైలరమ్మ. మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది.

ఆయన ఇంగ్లీషు నేర్పేది సైకిల్ షాపు మీది గదిలో. వచ్చేవాళ్లంతా ఏదో ఒక పని చేసుకు బతికేవాళ్లే. పాఠ్యపుస్తకమంటూ ఏమీ లేదు. పేపర్లో కంప్యూటర్ చిప్పుల వార్త ఎక్కడుంటే అది పట్టుకొచ్చి చదివిస్తారు. రెండు పెద్ద దేశాలు చిప్పుల కోసం తోడికోడళ్లలా కీచులాడుకుంటున్నాయి. ఒకరు అమ్మనంటారు, ఇంకొకరు కొననంటారు. రోజూ అదే తగువు, అవే మాటలు. ఎంత మొద్దు బుర్రకైనా ఎక్కక చస్తాయా అన్నది మాస్టారి సిద్ధాంతం. వ్యాన్ డ్రైవర్ ఆయనకు ‘చిప్పుల మాస్టారు’ అని పేరు పెట్టాడు. నేర్చుకోకపోతే చివరికి మన చేతికొచ్చేదీ చిప్పేనని కూడా అన్నాడు.

టైలరమ్మ చేరిన రోజే తన సంగతి చెప్పింది. పాప గుండె సరిగ్గా కొట్టుకోదు, లోపల చిన్న మెషిన్ పెట్టాలి అన్నారట డాక్టర్లు. దాన్ని తయారుచేసే కంపెనీ ఎక్కడో పరాయి దేశంలో ఉంది. చిప్పులు రాక అక్కడ పని ఆగిపోయింది. పాప పేరు వరుసలో ఉంది గానీ ఆ వరుస కదలడం లేదు. ఫోన్ చేస్తే అవతల అంతా ఇంగ్లీషే. వాళ్లతో తనే మాట్లాడాలి.

“నంబరివ్వమ్మా, నేను మాట్లాడి పెడతాను” అన్నారు మాస్టారు.

“వద్దు మాస్టారూ. మన మాటల్లో చెప్పబోతే గొంతు పట్టేస్తోంది. వాళ్ల భాషలో అయితే చెప్పగలనేమో.”

అభిమానం గల మనిషి, ఇంకొకరి చేత అడిగించడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నారు మాస్టారు. ఆ రోజు నుంచి ఆమె మీద ఆయనకు ప్రత్యేకమైన శ్రద్ధ.

ఆమెకు చదువు ఇట్టే పట్టుబడింది. కుట్టు మిషన్ తొక్కుతూ కూడా వల్లెవేసుకునేదట. కొరత, ఎగుమతి, ఆంక్ష, అన్నిటికీ ఇంగ్లీషు మాటలు గడగడా అప్పజెప్పేది. కేటాయింపు అనే మాట దగ్గర మాత్రం ఆగి, గుచ్చి గుచ్చి అడిగింది. ఒకరికని పక్కన పెట్టిన సరుకు ఇంకొకరికి మార్చేస్తారా అని. మార్చక ఏం చేస్తారమ్మా, అందుకే నీ వంతు గట్టిగా పట్టుకోవాలని చెప్పారాయన.

ఒకరోజు వార్త చదువుతూ, ఆంబోతులు కుమ్ముకుంటే మధ్యలో లేగదూడ కాళ్లు విరిగినట్టుందని నోరు జారారు. టైలరమ్మ దించిన తల క్లాసు అయ్యేదాకా ఎత్తలేదు. పాపిష్ఠి నోరు అని మాస్టారు ఇంటికెళ్లేదాకా తిట్టుకున్నారు.

ఒక్కటే ఆయనకు అంతుపట్టలేదు. అందరూ వెళ్లిపోయినా ఆమెకు ఇంటికెళ్లే తొందర ఉండదు. బిడ్డ అలా ఉంటే ఈ తల్లికి ఇక్కడ కాలెలా నిలుస్తోందని మాస్టారి భార్య కూడా అంది. పాప ఎలా ఉందని అడిగితే, ఇప్పుడేం బాధ లేదంటుంది. పైగా ఇదిగో, బతిమాలే మాటలు వద్దంటోంది. కాళ్లావేళ్లా పడైనా పని చేయించుకోవాల్సిన మనిషి ఇలా బిగుసుక్కూర్చుంటే ఒళ్లు మండదా?

“అడగందే అమ్మైనా పెట్టదు. నీ పంతం బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది, తెలుసా?” అని కసిరారు.

మర్నాటికి ఆమె ఆ మాటలన్నీ నేర్చుకొచ్చి అప్పజెప్పింది. మాస్టారు మెత్తబడ్డారు.

ఆ వారమే పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది. దేశాలు రెండూ రాజీపడ్డాయి. చిప్పులు మళ్లీ బయల్దేరుతున్నాయి. మాస్టారు తన వయసు మరిచిపోయి మెట్లన్నీ పరుగున ఎక్కారు. డ్రైవర్ ఈల వేశాడు. నర్సు పని నేర్చుకుంటున్న అమ్మాయి టైలరమ్మను వాటేసుకుంది. టైలరమ్మ ఏడ్చింది. ఎవరు ఊరుకోబెట్టినా ఊరుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నది పోనీలెమ్మని అందరూ వదిలేశారు. మాస్టారికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇప్పుడు మాట్లాడతాను మాస్టారూ” అంది మొహం తుడుచుకుని.

ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కారు. అవతల ఎవరో ఆడమనిషి. టైలరమ్మ పాప పేరు చెప్పింది, వరుసలో నంబరు చెప్పింది. ఎక్కడా తడబడలేదు. అవతల కంప్యూటర్ మీటలు టకటకలాడాయి.

మీ పాప వంతు వచ్చింది, మొదట తయారయ్యే మెషిన్ మీదే, ఏ ఆసుపత్రికి పంపమంటారని అడిగింది అవతలి గొంతు.

డ్రైవర్ ఆనందం పట్టలేక బల్ల గుద్దాడు. మాస్టారు లేచి నిలబడి, ముందు థాంక్స్ చెప్పు, థాంక్స్ చెప్పు అని రెండు చేతులతో సైగలు చేశారు.

టైలరమ్మ ఆయన వైపు చూడలేదు. ఫోన్ మీదికి వంగి, ఇన్నాళ్లూ నేర్చుకున్న ఇంగ్లీషులో ఒక్క తప్పూ లేకుండా చెప్పింది.

“దాన్ని వరుసలో మా తర్వాత ఉన్న బిడ్డకు పంపించండి, ఈ మాట మీకు చెప్పాలనే మా పాప చనిపోయిన వారానికి నేను ఇంగ్లీషు క్లాసులో చేరాను.”