ఇంటి తాబేలు, అడవి తాబేలు

“మాస్టారూ, మీ తాబేలు మళ్ళీ మా బచ్చలిపాదులో ఉంది. వచ్చి తీసుకుపోండి,” గోడ మీదుగా కేకేసింది హన్నమ్మ.

సగం గడ్డం గీసుకున్న రాయప్ప తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. తిరువూరు హైస్కూలుకు సైన్సు మాస్టారుగా బదిలీ అయి ఈ మధ్యనే పక్కింట్లో అద్దెకు దిగాడు. పెళ్ళి కాలేదు. పరుపు, పెట్టె, రెండు తాబేళ్ళు, అదే అతని సంసారం.

“ఇలా అందించండమ్మా, గోడ మీంచి పుచ్చుకుంటాను.”

“నేను ముట్టుకోవడమే? గేటులోంచి వచ్చి మీరే తీసుకోండి.”

గేటులోంచి వస్తే వరండాలో హన్నమ్మ కూతురు ప్రేమకుమారి జడ వేసుకుంటోంది. రాయప్పకు అప్పుడు గుర్తొచ్చింది తన సగం గడ్డం. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నవ్వాపుకుంది.

ప్రేమకుమారి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. విజయవాడకు ట్రంకు కాల్ కావాలంటే ఊరంతా ఆమె గొంతు వినాల్సిందే. గంపలగూడెం సంబంధం వాళ్ళు ఉద్యోగం మానాలన్నారని వాళ్ళను వద్దంది. ఇంకోసారి పెళ్ళి మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతానని తల్లికి చెప్పేసింది. హన్నమ్మ ఆ మాటెత్తడం మానేసింది.

“ఇది మీరు పట్టుకొచ్చిందా?” అడిగింది ప్రేమకుమారి.

“కాదండి, ఇంటిది. పెనుగొలనులో మా దొడ్లోనే గుడ్డులోంచి వచ్చింది. చూడండి, చేతిలోకి తీసుకున్నా తల లోపలికి లాక్కోదు. రెండోదే అడవిది. రెడ్డిగూడెం మామిడితోటల అవతల తుప్పల్లో దొరికింది. మనిషి అలికిడైతే చాలు, బుస్సుమని డిప్పలోకి దూరిపోతుంది.”

“మరి పారిపోవాల్సింది అది కదా?”

“అదే నాకూ అర్థం కావడం లేదు. అది రోజంతా గోడ వెంట దారి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఇంట్లో పుట్టింది మేత పెట్టే చెయ్యి వదిలి ఎక్కడికీ పోదు. పుస్తకాల్లో కూడా అలాగే రాశారు.”

“పుస్తకం రాసినాయన మా బచ్చలి తిని ఉండడు.”

ఆ వారంలోనే తాబేలు ఇంకోసారి వచ్చింది. గోడ అడుగున నీళ్ళు పోయే తూముంటే రాయప్ప దానికి ఇటుకలు పెట్టి మూసేశాడు. మర్నాడు తాబేలు హన్నమ్మగారి మల్లెపొద కింద కూర్చుని ఉంది.

“పాదంతా గొరిగేసింది. పప్పులోకి ఆకు మిగల్లేదు,” అని రాయప్ప మీద విరుచుకుపడింది హన్నమ్మ. “ప్రేమా, ఆ నష్టమేదో మాస్టారికి చూపించు. నాకు పొయ్యి మీద పాలున్నాయి.”

నష్టం చూపించడానికి రోజురోజుకూ ఎక్కువసేపు పట్టసాగింది. రాయప్ప తాబేళ్ళ సంగతులు చెప్పేవాడు. ఆమె ట్రంకు కాల్స్‌లో జనం అరిచే అరుపులు అనుకరించి చూపించేది.

“మీ అడవిది ఇప్పుడైనా మచ్చికయిందా?” అని ఒకరోజు అడిగింది.

“కాస్త నయమండి. దాన్ని పట్టుకోబోతే లాభం లేదు. టమాటా ముక్క అక్కడ పెట్టి మన పనేదో మనం చేసుకోవాలి. అప్పుడు అదే తల బయటపెడుతుంది.”

ప్రేమకుమారి ఆ రోజు ఎక్స్ఛేంజికి ఆలస్యంగా వెళ్ళింది.

ఆదివారం చర్చి బయట ఎదురింటి మాణిక్యమ్మ ఆమెను పక్కకు పిలిచింది. “గోడ దూకే తాబేలుంటుందా అమ్మాయ్? ఆ మాస్టారే తెచ్చి వదిలిపోతున్నాడు. వీధంతా నవ్వుకుంటోంది.”

మర్నాడు అతను తాబేలు కోసం రాగానే ప్రేమకుమారి సూటిగా అడిగింది. “తూము మూసేశారు. గోడ నా నడుమెత్తు ఉంది. ఇది ఎలా వస్తోంది?”

“తెలీదండి.”

“మీరు వదలడం లేదా?”

“లేదండి, నిజంగా.”

ఆమె ముఖం చిన్నబోయింది. సంచీ అందుకుని మెట్లు దిగింది. “అయితే గంప కింద మూసి పెట్టుకోండి. మాటిమాటికీ ఇలా రావడం మీకూ ఇబ్బందే.”

ఆమె గేటు దగ్గరికి వెళ్ళేదాకా రాయప్ప కదల్లేదు. అప్పుడన్నాడు, “నేనే.”

“ఏంటి?”

“నేనే వదులుతున్నాను. మిమ్మల్ని చూడొచ్చని.”

ఆమె వెనక్కి తిరగలేదు. గేటు గడియ మాత్రం ఎంతకీ పడలేదు.

“ఆ మాట మా అమ్మతో చెప్పగలరా?”

చెప్పాడు. హన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. “పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లోకి తాబేళ్ళు వదలడమేనా సైన్సంటే? మీ పెద్దవాళ్ళను రమ్మనండి,” అంది కోపంగా.

పెద్దవాళ్ళు పెనుగొలను నుంచి బస్సులో వచ్చారు. కోడలు ఉద్యోగం చేసుకోవచ్చన్నారు. ఆ పై నెలలో నిశ్చితార్థం జరిగింది.

చుట్టాలందరూ వెళ్ళాక రాయప్ప పెరట్లో బచ్చలి కోస్తున్న హన్నమ్మ దగ్గరికి వెళ్ళాడు.

“అత్తయ్యగారూ, మీ దగ్గర దాచడం బావుండదు. ఆ తాబేలును నేను ఒక్కసారి కూడా వదల్లేదు. ప్రేమ బాధపడుతోందని అలా ఒప్పుకున్నాను.”

హన్నమ్మ ఆకులు తుంచుతూనే ఉంది.

“పోనీ దానంతటదే వచ్చిందనుకున్నా, రావాల్సింది అడవిది కదండీ. ప్రతిసారీ ఇంటిదే ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు.”

హన్నమ్మ వంటింటి వైపు చూసి, కూతురు వినడం లేదని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది.

“అడవిదాన్ని ఎత్తుకుంటే చీర తడిపేస్తుంది బాబూ.”